ఎత్తు కుర్చీల ధర

నా అల్లుడికి కొనడం వచ్చు, అమ్మడం రాదు. కొనేటప్పుడు చూడాలి అతన్ని. కుర్చీని తలకిందులు చేసి, మరలు తిప్పి, ఫైబరు చీలిందేమోనని గోటితో గీకి, అవతలివాడు అడిగిన దాంట్లో సగానికి దింపితే గానీ జేబులో చెయ్యి పెట్టడు. అదే కుర్చీని అమ్మడానికి నిలబడినప్పుడు, మడమల దాకా తెల్ల దిష్‌దాషా తొడుక్కున్న కువైటీ ఎవరైనా షెడ్డులోకి వచ్చి "బిచమ్?" అంటే చాలు, తల దించేస్తాడు. బిచమ్ అంటే ఎంత అని. దానికి ఒక లెక్క చెప్పాలి. మావాడు చెప్పేది ఒకటే మాట.

"కేఫక్, బాబా."

మీ ఇష్టం బాబా, అని.

ఇది అతనొక్కడి జబ్బు కాదు. మా కడప, రాయచోటి వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇళ్ళల్లో పనిచేసిన వాళ్ళందరికీ ఉంది. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంట్లో ఏదైనా వాళ్ళ ఇష్టమే. జీతం వాళ్ళు చెప్పింది, సెలవు వాళ్ళు ఇచ్చింది, పండగకు చేతిలో పెట్టేది వాళ్ళ దయ. ఇంత కావాలి అని నోరు తెరిచి అడగడం మర్యాద కాదని మనమే అనుకుంటాం. అట్లా ఏళ్ళ తరబడి ఒక ఇంటి కారు నడిపినవాడు దుకాణం పెట్టుకుంటే, చేతులు పని నేర్చుకున్నంత తొందరగా నోరు నేర్చుకోదు.

అల్లుడు నాకు పరాయివాడు కాడు, నా తమ్ముడి కొడుకే. అందుకే నేను తిట్టగలను, అతను పడగలడు. నేను ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను. ఆ ఇంటి పిల్లలు నా చేతి అన్నం తిని పెద్దవాళ్ళయి పెళ్ళిళ్ళు కూడా చేసుకున్నారు. కూతురూ అల్లుడూ ఖైతాన్‌లో ఒక గదిలో ఉంటారు. శుక్రవారం నాకు సెలవు. బస్సెక్కి నేరుగా వాళ్ళ షెడ్డుకే పోతాను, ఎందుకంటే గదిలో వాళ్ళు నిద్రపోవడానికి తప్ప ఉండరు. ఒక మెకానిక్ షెడ్డులో సగం బాడుగకు తీసుకుని పాత సామాను బాగుచేసి అమ్ముతారు. కొయ్యపనీ ఇనుపపనీ అల్లుడిది. రెక్సిను, తోలు కుట్టడం నా కూతురి పని.

మొదట్లో మంచాలు, బీరువాలు, అన్నం తినే బల్లలు. ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు అమ్మేవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు కొనేవాళ్ళు. కొనేది మన తెలుగువాళ్ళు, మలయాళీలు, బంగ్లాదేశీలు. వాళ్ళతో అల్లుడు గొంతు చించుకుని బేరమాడేవాడు. అక్కడ అతని నోటికి ఏ జబ్బూ లేదు.

ఒకసారి ఎక్కడో బౌలింగు హాలు మూసేస్తుంటే తుక్కు ఇనుము ధరకు కొన్ని కుర్చీలు తెచ్చాడు. బౌలింగంటే బరువైన బంతిని దొర్లించి, అవతల నిలబెట్టిన సీసాల్లాంటి కొయ్యల్ని పడగొట్టే ఆట. ఆడేవాళ్ళు తమ వంతు వచ్చేదాకా కూర్చునే కుర్చీలవి. నారింజ రంగు ఫైబరు, ఒకే ఇనప గొట్టం మీద నాలుగు బిగించి ఉంటాయి, వరస కొంచెం వంపుగా ఉంటుంది. ఇవి ఏ ఇంట్లో పడతాయిరా అని నేను అడుగుతుండగానే కాఫీ దుకాణం పెడుతున్న కువైటీ కుర్రవాళ్ళు వచ్చి దుమ్ము కూడా తుడవనివ్వకుండా ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి అల్లుడికి ఈ పిచ్చి పట్టుకుంది. పాత బౌలింగు హాళ్ళు, కర్రతో బంతులు కొట్టే పూల్ గదులు ఎక్కడ మూతపడుతున్నా ఇతనికి ఫోను వచ్చేది.

నాకు మొదట మింగుడు పడలేదు. ఆడేవాళ్ళ లెక్క రాసుకునే బల్ల ఒకటి తెచ్చినప్పుడు, దాని మీద సిగరెట్లు కాల్చిన మచ్చలుంటే, గుడ్డా సబ్బునీళ్ళూ తీసుకుని కూర్చున్నాను. కూతురు పరుగెత్తుకొచ్చింది.

"మ్మా, ఆ గుడ్డ పక్కన పెట్టు. ఆ మచ్చలకే దుడ్లు."

"కాలిన మచ్చలకా?"

"అవును. అది పాతదని తెలిసేది దాంతోనేనంట."

"అట్లయితే మీ నాయన పంచలన్నీ దాచిపెట్టాల్సింది. బీడీ కాల్చని పంచ ఒకటి లేదు."

అల్లుడు ఇనుము కోస్తున్నవాడు ఆపి మరీ నవ్వాడు.

మెల్లగా నాకూ తెలిసింది. మచ్చ ఉంటే ధర పెరుగుతుంది, చీలిక ఉంటే పడుతుంది. కుర్చీ వెనక పాత నంబరు రంగు పోకుండా ఉంటే ఇంకాస్త అడగవచ్చు. తోలు చిరిగితే అదే రంగు పాత తోలు వెతికి కుట్టాలి, కొత్త తోలు మెరిస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అన్నిటికంటే ముఖ్యం, వరసను విడగొట్టకూడదు. నాలుగు కలిసి ఉంటే అది బౌలింగు హాలు. ఒకటి తీసి ఇచ్చేస్తే మిగిలిన మూడూ ఉత్త కుర్చీలు. మూడో తరగతితో చదువు మానేసిన నాకు ఇది అర్థం కావడానికి కష్టమేమీ కాలేదు. ఇంట్లో గిన్నెల సెట్టు నుంచి ఒక గిన్నె పోయినప్పుడు మా మామా పడే బాధ చూశాను కదా. మామా అంటే నేను పనిచేసే ఇంటి ఇల్లాలు.

ఈ ఏడాది రంజాన్‌కు ముందు కువైట్ సిటీలో ఒక పాత భవనం పడగొడుతున్నారని, దాని మేడ మీద పూల్ గది ఉందని అల్లుడికి తెలిసింది. ఊరికి పంపాల్సిన డబ్బు ఆపి, చేతిలో ఉన్నదంతా పోసి ఆ గది సామానంతా కొనేశాడు. బల్ల మీద వేలాడే ఆకుపచ్చ గొడుగు దీపం, కర్రలు నిలబెట్టే స్టాండు, బూట్లు పెట్టుకునే గళ్ళ బీరువా, ఆరు ఎత్తు కుర్చీలు. ఆ కుర్చీలు నేనెప్పుడూ చూడని రకం. నా నడుము దాటిన ఎత్తులో సీటు, నల్లటి తోలు, వెడల్పాటి కొయ్య చేతులు, కాళ్ళు పెట్టుకోవడానికి కింద మెట్టులాగా ఒక కడ్డీ. చేతి మీద కర్ర ఆనించుకోవడానికి గాడి, గ్లాసు పెట్టుకోవడానికి గుంట. ఆట చూసేవాళ్ళు దొరల మాదిరి ఎక్కి కూర్చునేవారట.

సామాను దిగిన వారంలోనే షెడ్డు యజమాని కబురు పంపాడు. రంజాన్ మొదలయ్యేలోపు పాత బాడుగతో పాటు ముందు నెలలది కూడా కట్టాలి, లేకపోతే ఖలాస్, టైర్లవాడికి ఇచ్చేస్తాను అని. అల్లుడి పాత కఫీల్ తమ్ముడింట్లో డ్రైవరు పని ఖాళీగా ఉంది. షెడ్డు పోతే అతనికి ఆ పనీ, ఒక మంచం పట్టే డ్రైవరు గదీ. నా కూతురు కుట్టుమిషను అమ్మేసి ఊరికి పోవడమే. ఆ మాట విని అది కుడుతున్న సీటు మీద తల ఇంకొంచెం వంచింది, అంతే.

ఆ శుక్రవారమే ఒక పెద్దమనిషి వచ్చాడు. దీపం వెలిగించి చూశాడు, బీరువా గళ్ళు తెరిచి మూశాడు. చాలా ఇష్టపడ్డాడని నాకు మూల నుంచే కనపడింది. "బిచమ్?" అన్నాడు. నేను అల్లుడి వైపు చూశాను. ముందు రోజే ఫోనులో ధర వల్లె వేయించాను.

"కేఫక్, బాబా," అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. ఆయనకు తోచింది ఇచ్చాడు, నవ్వుతూ భుజం తట్టి రెండూ పట్టుకుపోయాడు. కొన్న ధరకు పైన టీ డబ్బులు మిగిలాయి.

"ఏం నాయనా, నాలిక్కేమన్నా గమ్ము పూసుకున్యావా?" అన్నాను.

"రాల్యా అత్తా. ఆయప్ప ఎదురుగా నిలబడితే కారు తలుపు తీయాలనిపిస్తాది గానీ ధర చెప్పాలనిపించదు."

"అట్లయితే ఈసారి ధర చెప్పి ఆ తర్వాత తలుపు తీయి. రెండూ అయితాయి."

"మ్మా, గమ్మునుండు. ఆయన మాత్రం కావాలని చేసినాడా?" అంది కూతురు.

"కావాలని చేసింటే ఇంత తిట్టను."

ఇక మిగిలింది కర్రల స్టాండు, ఎత్తు కుర్చీలు. కాఫీ దుకాణాలవాళ్ళు వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, మా బల్లలకు ఇవి సరిపోవు, మరీ ఎత్తు అని వెళ్ళిపోయారు. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు గానీ కుర్చీలు కదలడం లేదు.

మళ్ళీ శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో కూర్చోవడానికి ఇంకేమీ ఖాళీ లేక, కడ్డీ మీద కాలు పెట్టి ఆ కుర్చీ ఒకటి ఎక్కాను. టీ తాగాను. టీ అయ్యాక లేచి గ్లాసు కడగడానికి పోయాను. కొళాయి దగ్గర నిలబడ్డాక గానీ తెలియలేదు, నేను మోకాలు పట్టుకోలేదని. మామూలుగా నేను లేవాలంటే ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి మోకాలికి, నోట్లో దేవుడి పేరు. వెనక్కి వచ్చి మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. ఎత్తు మీద కూర్చున్నవాడికి లేవడం అంటే జారి నిలబడటమే.

"ఏందత్తా, చిన్నపిల్ల మాదిరి ఎక్కుతా దిగుతాండావు?"

"నువ్వు పని చూసుకో. నేను బేరం చూసుకుంటాండా."

నాకు గుర్తొచ్చింది మా ఇంటి ముసలాయన. మామాకు మామగారు. ఇంట్లో అందరం బాబా కబీర్, అంటే పెద్ద బాబా, అంటాం. ఇంటి ముందు భాగంలో దివానియా ఉంది. మగవాళ్ళు సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకునే పొడుగాటి గది. గోడల పొడవునా నేలకు జానెడెత్తు పరుపులు, ఆనుకోవడానికి దిండ్లు. ఆయన తన వయసువాళ్ళతో అక్కడే ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. చలికాలం మొదట్లో మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. వచ్చినవాళ్ళకు ఎదురు లేవడం ఇక్కడ మర్యాద, ఆయనను లేపాలంటే ఇద్దరు చంకల్లో చేతులు పెట్టాలి. ఒక సాయంత్రం అట్లా లేపుతుంటే తలపాగా జారి కిందపడింది. ఆ మర్నాటి నుంచి దివానియాకు రావడం మానేశాడు. కొడుకు ఆసుపత్రి కుర్చీ తెప్పిస్తే, "నేను చచ్చిపోతున్నానని వాళ్ళకు చూపిస్తావా?" అని మెట్ల కిందకు తోయించాడు. లోపలి గదిలో కూర్చుని, తలుపు కొంచెం తెరిపించి పెట్టుకుని, అవతల స్నేహితుల మాటలు వింటాడు. నేను టీ తీసుకెళ్తే వేలు పెదవుల మీద పెట్టి నన్ను ఊరుకోమంటాడు, ఏదో మాట తప్పిపోతుందని.

శనివారం బియ్యం కడుగుతూ మామాకు చెప్పాను. ఆమె ముందు నవ్వింది. "పూల్ ఆడే గదిలో కుర్చీనా? మా మామగారికా?" అంది. తర్వాత కడ్డీ, చేతులు, ఎత్తు అన్నీ చేతులతో చూపించాక ఆలోచనలో పడింది. "తెప్పించు, చూద్దాం," అంది.

అల్లుడు ఆ సాయంత్రమే ఒక కుర్చీని పికప్ ఎక్కించి తెచ్చాడు. గేటు దగ్గరే అతన్ని పట్టుకున్నాను.

"ఏమని చెప్తావు?"

"ఒక్కోటి తొంభై దినార్లు."

"మళ్ళీ చెప్పు."

"తొంభై కేడీలు, అత్తా. నాకు తెలుసులే."

దివానియాలో అప్పటికి ఇంటివాళ్ళు తప్ప ఎవరూ లేరు. మామా తలుపు దగ్గర నిలబడింది. ఆమె భర్త, మేము బాబా అనే ఆయన, తండ్రిని నడిపించుకొచ్చాడు. ముసలాయన కుర్చీని చూసి ఆగిపోయాడు. చేతికర్రతో దాని కాలిని తట్టాడు, గాడిని వేలితో తడిమాడు. మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. వయసులో ఉన్నప్పుడు చమురు కంపెనీ క్లబ్బులో ఇట్లాంటి దాని మీద కూర్చునేవాణ్ణి అన్నాడు. కొడుక్కి ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది, అట్లా చూశాడు. ఆయన కడ్డీ మీద కాలు పెట్టాడు, కొడుకు చెయ్యి పట్టుకుని ఎక్కాడు. చాలాసేపు కుర్చీ చేతుల మీద అరచేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా జారి నిలబడ్డాడు.

మామా చీర కొంగు లేని మనిషి కాబట్టి అబాయా అంచుతో కళ్ళు తుడుచుకుంది.

ఆయన రెండోసారి ఎక్కి కూర్చుని గది చుట్టూ చూశాడు. నేల మీద పరుపులు చూశాడు. మొహం మళ్ళీ మూసుకుపోయింది.

"ఐబ్," అన్నాడు. సిగ్గుచేటు అని. "వచ్చినవాళ్ళు నా కాళ్ళ దగ్గర కూర్చుంటే నేను వాళ్ళ తలల మీద కూర్చోవాలా? తీసుకుపోండి."

దిగి, కర్ర అందుకుని లోపలికి తిరిగాడు. అల్లుడు అప్పుడే కుర్చీ మీద చెయ్యి వేశాడు, పట్టుకుపోవడానికి. నా కూతురి కుట్టుమిషను నా కళ్ళ ముందు కదిలింది.

"బాబా కబీర్," అన్నాను. ఆ గదిలో నేను నోరెత్తి మాట్లాడటం అదే మొదటిసారి. "ఇట్లాంటివి ఇంకా ఐదు ఉన్నాయి. మీతో కూర్చునే పెద్దవాళ్ళ మోకాళ్ళు మాత్రం కుర్రవాళ్ళవా?"

ఆయన నడక ఆపాడు. ఎవరెవరు వస్తారో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఆరు ఒకే ఎత్తా?"

"ఒకే ఎత్తు."

కొడుకు అల్లుడి వైపు తిరిగాడు. "ఆరూ కలిపి బిచమ్?"

అల్లుడు నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"కేఫక్, బాబా."

బాబా పర్సు తీశాడు. ఆయన చెయ్యి పెద్దదే, ఏ పండగకూ నన్ను తక్కువ చేయలేదు. కానీ ఆ పర్సు తీసే తీరు నాకు తెలుసు. డ్రైవరుకు ఇచ్చేటప్పుడు, చెత్త తీసేవాడికి ఇచ్చేటప్పుడు అట్లాగే నోట్లు లెక్కపెట్టకుండా రెండు వేళ్ళతో లాగుతాడు. అది ఎంతైనా కావచ్చు, ధర మాత్రం కాదు.

"బాబా, ఇది బక్షీషు కాదు," అన్నాను. "అతనికి చెప్పడం రాదు. ఒక్కోటి తొంభై కేడీలు."

ఆ ఇంట్లో ఉప్పు తేవాలన్నా 'అయిపోయింది మామా' అని చెప్పి ఊరుకునేదాన్ని, ఎంతకు తెచ్చారని అడిగింది లేదు. చేతులు పైట కింద పెట్టుకున్నాను.

బాబా పర్సు మూశాడు. కుర్చీ దగ్గరికి వచ్చి దాన్ని ఊపి చూశాడు. సీటు కిందికి తొంగి చూశాడు. చేతి మీద సిగరెట్టు మచ్చ చూపించాడు.

"ఘాలీ," అన్నాడు. ఎక్కువ అని. "కాలిపోయింది కూడా. అరవై."

నేను ఆ ఇంట్లో ఎన్ని మాటలు పడ్డానో, ఎన్ని మెప్పులు పొందానో. ఘాలీ అన్న మాట అంత బాగుంటుందని అనుకోలేదు. పనిమనిషితో ఎవరూ బేరమాడరు. దుకాణం ఉన్నవాళ్ళతోనే ఆడతారు.

"ఆ మచ్చ ఉన్నందుకే తొంభై," అన్నాను. "లేకపోతే ఎనభై ఐదుకే ఇచ్చేదాన్ని."

మామా పకపకా నవ్వింది. "దీనితో పెట్టుకోకు," అంది భర్తతో. "ఒక ఉల్లిపాయ కుళ్ళితే సగం కోసి మిగతా సగం వండే మనిషి. నీకు ఐదు దినార్లు వదులుతుందా?"

"డెబ్భై."

"తోలు అంతా నా కూతురు కుట్టింది బాబా. అదే రంగు తోలు ఈ ఊరంతా వెతికి."

ఈసారి అల్లుడు కూడా గొంతు సవరించుకున్నాడు. "మరలన్నీ కొత్తవి, బాబా," అన్నాడు. అంత మాత్రం అన్నాడు.

ముసలాయన ఎప్పుడు వెనక్కి వచ్చాడో, మళ్ళీ కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. కర్రను గాడిలో ఆనించాడు. సరిగ్గా పట్టింది. "ఎనభై ఇవ్వు," అన్నాడు కొడుకుతో. "ఇచ్చేదాకా నేను దిగను. అన్నం కూడా ఇక్కడికే తెమ్మను."

ఎనభైకి ముగిసింది. నా మనసులో ఉన్నది డెబ్భై ఐదు. అది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

షెడ్డు బాడుగ కట్టేశారు. కుట్టుమిషను దాని చోటులో అది ఉంది. అల్లుడికి ధర చెప్పడం పూర్తిగా వచ్చిందని చెప్పలేను. మొన్న ఒక కాఫీ దుకాణం కుర్రవాడు కర్రల స్టాండును చూసి బిచమ్ అంటే, "నలభై" అని గట్టిగానే చెప్పాడు. నేను మెచ్చుకునేలోపే, వాడు నోరు తెరవక ముందే, "ముప్ఫై ఐదు" అన్నాడు.

"నీతో నువ్వే బేరమాడుకుంటాండావేందిరా?" అన్నాను.

"ఊరికే నోరు మూసుకోని ఉంటే భయమేస్తాది, అత్తా."

ముప్ఫై ఐదుకే పోయింది. పోనీ, అది కేఫక్ కాదు.

రంజాన్ వచ్చింది. దివానియాలో ఒక గోడకు ఆరు ఎత్తు కుర్చీలు వరసగా ఉన్నాయి. రాత్రి తరావీ నమాజు అయ్యాక పెద్దవాళ్ళు వచ్చి ఎక్కి కూర్చుంటారు, ఎవరైనా గదిలోకి వస్తే ఆరుగురూ ఒకేసారి జారి నిలబడతారు. కుర్రవాళ్ళు కింద పరుపుల మీద. వాళ్ళకు మోకాళ్ళున్నాయి. బాబా కబీర్ లోపలి గది తలుపు ఇప్పుడు పూర్తిగా మూసే ఉంటుంది.

పొద్దున ఎవరూ రాకముందు ఆ కుర్చీలు తుడిచేది నేనే. నిన్న మూడో కుర్చీ సీటు అంచున కుట్టు ఒకటి వదులైంది. వెంటనే కూతురికి ఫోను చేశాను.

"సూదీ దారం తీసుకోని రా."

"మామా వాళ్ళ ఇల్లే గదా మ్మా, ఊరికే కుట్టేసి వస్తాలే."

"ఊరికే వద్దు. కుట్టక ముందే ధర చెప్పు. చెప్పేది నువ్వు, మీ ఆయన్ని చెప్పనీకు."